సిమ్యులేషన్‌లో కారు క్షేమంగా తిరిగొచ్చింది సరే, పోస్టు కింద నేల ఏది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. 3 మి.మీ. మందం డబ్ల్యు బీమ్ (డబ్ల్యు ఆకారంలో మడిచిన ఉక్కు పలక), దాన్ని మోయడానికి 2 మీటర్లకు ఒక పోస్టు, మొత్తం 20 మీటర్ల రోడ్డు పక్క క్రాష్ బారియర్‌ను ఢీలను లెక్కించే సాఫ్ట్‌వేర్ ఎల్‌ఎస్-డైనాలో మోడల్ చేశారు. 1100 కిలోల కారు గంటకు 100 కి.మీ. వేగంతో, 25 డిగ్రీల కోణంలో వచ్చి గుద్దింది. 0.3 సెకన్లకల్లా బారియర్‌కు సమాంతరంగా తిరిగింది, అక్కడితో రన్ ఆపేశారు. పోస్టు మందం పెంచితే ఇంకా బాగుంటుందా అన్నది మీ మొదటి సందేహం. ఇంత చక్కని ఫలితం వచ్చాక నిజం కారుతో పరీక్ష దేనికి అన్నది రెండవది.

నేను ఈ పనిలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. మీ వీడియో రెండుసార్లు చూశాను. ఇల్లు అలకగానే పండుగ కాదన్న సామెత గుర్తుకొచ్చింది. మీ మోడల్‌లో పోస్టుల అడుగున ఉన్న నోడ్‌లన్నీ (మోడల్‌ను అల్లిన బిందువులు) బిగించేసి ఉన్నాయి. బీమ్‌నూ పోస్టునూ కలిపే బోల్టుల చోట నోడ్‌లను ఒకటిగా అతికించారు. బారియర్ రెండు కొసలనూ కదలకుండా కట్టేశారు. ఈ మూడూ సరిదిద్దేవరకు ఆ వీడియోను మీ గైడ్‌కు చూపించకండి.

మందం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే బారియర్ ఏ పని చేస్తుందో తేలితే మిగతావి వాటంతట అవే తేలుతాయి. మీ కారు మొత్తం గతిశక్తి సుమారు 424 కిలోజౌళ్లు. బారియర్ ఇదంతా మింగనక్కరలేదు. బారియర్‌కు లంబంగా ఉన్న వేగం భాగాన్ని చంపితే చాలు. అది సెకనుకు 11.7 మీటర్లు, దాని శక్తి సుమారు 76 కిలోజౌళ్లు, అంటే మొత్తంలో 18 శాతం. మిగతా 82 శాతంతో కారు బారియర్ వెంట జారుతూ ముందుకు పోవచ్చు, పోవాలి కూడా. కోణం 15 డిగ్రీలైతే ఆ 18 శాతం 7 శాతం లోపుకు పడిపోతుంది. అందుకే ఈ రంగంలో వేగం కంటే కోణం గురించి ఎక్కువ గొడవపడతాం.

ఇప్పుడు ఆ 11.7 మీటర్ల వేగాన్ని ఎంత దూరంలో చంపుతున్నారో చూడండి. బారియర్ వెనక్కి వంగడం, కారు నలగడం కలిపి 1.5 మీటర్లు దొరికితే పక్కకు పడే సగటు త్వరణం సుమారు 4.7 జి, అంటే గురుత్వ త్వరణానికి 4.7 రెట్లు. అదే అర మీటరులో ఆపితే 14 జి. లోపల కూర్చున్న మనిషి తల కిటికీ అద్దానికి తగిలే వేగం ఆ తేడాలోనే నిర్ణయమవుతుంది. పోస్టు మందం పెంచడమంటే ఆ దూరాన్ని తగ్గించడం. దానికి తోడు బలమైన పోస్టు వంగకుండా నిలబడి ముందు చక్రాన్ని పట్టుకుంటే కారు గిర్రున తిరుగుతుంది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టన్నమాట. బారియర్ వెనుక లోతైన లోయో వంతెన స్తంభమో ఉండి, వంగడానికి చోటు లేనప్పుడే గట్టిదనం కొనుక్కోవాలి. అప్పుడైనా మందం పెంచే ముందు పోస్టుల మధ్య దూరం తగ్గించి చూడండి.

ఇక మీ మోడల్‌లోని అసలు లోపానికి వస్తాను. అది నేల.

తడి నేలలో పాతిన పశువుల గుంజను ఊహించుకోండి. ఎద్దు లాగితే గుంజ విరగదు, మట్టిని తోసుకుంటూ ఒరుగుతుంది. ఎండాకాలం గట్టిపడిన రేగడిలో అదే గుంజ మొదలు దగ్గర విరుగుతుంది. బారియర్ పోస్టుదీ ఇదే కథ. మంచి గుల్ల మట్టిలో పోస్టు భూమి లోపల కొంత లోతున ఒక బిందువు చుట్టూ తిరుగుతుంది, మట్టి ఆ తిరుగుడులో చాలా శక్తిని మింగుతుంది. మీరు అడుగు బిగించేసరికి పోస్టు నేల మట్టంలో మడత పడింది. రెండింటిలో బీమ్ ఎత్తు మారే తీరు వేరు, చక్రం పోస్టుకు తగిలే తీరు వేరు, వెనక్కి వంగే దూరం వేరు. రోడ్డు భద్రతా పరికరాల పరీక్షలకు అమెరికా ప్రమాణమైన మాష్‌లో పరీక్షకు ముందు మట్టి బలాన్ని కొలవడం తప్పనిసరి చేసింది ఇందుకే: పోస్టును లాగి, నిర్ణీత స్థానభ్రంశాల దగ్గర మట్టి కనీస ప్రతిఘటన ఇస్తోందో లేదో చూస్తారు.

నేను ఈ పాఠం నేర్చుకున్నది పరువు పోగొట్టుకుని. ఉద్యోగంలో మూడో ఏట ఒక బారియర్‌కు సిమ్యులేషన్ చేసి, వంగే దూరం ఇంత అని అంకె రాసి ఇచ్చాను. మట్టికి ఏదో పాత నివేదికలోని స్ప్రింగుల విలువలు తెచ్చి పెట్టాను. పరీక్ష రోజున పోస్టులు నా అంచనా కంటే బాగా ఎక్కువ ఒరిగాయి, పికప్ బండి బీమ్ మీదికి ఎక్కి అవతల పల్టీ కొట్టింది. అందరూ బండి చుట్టూ చేరితే మా పెద్దాయన మాత్రం పోస్టు గుంతల దగ్గర కూర్చుని, పిడికెడు మట్టి తీసి నా చేతిలో పెట్టారు. ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఒక్క పోస్టును బండి చట్రంతో గుద్దించి, బలం-స్థానభ్రంశం వక్రరేఖ తీసుకోకుండా నేను ఏ మోడల్‌నూ మొదలుపెట్టలేదు. మీ దగ్గర చట్రం లేకపోవచ్చు. కాలేజీ ప్రాంగణంలో రెండు పోస్టులు పాతి, చైన్ బ్లాకుతో లాగుతూ ఆ బలాన్ని లోడ్ సెల్‌తో కొలవండి. అది నిదానపు పరీక్షే, గుద్దినప్పటి వేగం అందులో ఉండదు. అయినా ఏమీ లేనిదాని కంటే ఎంతో నయం.

బోల్టు రెండవది. బీమ్‌ను పోస్టుకు కట్టే బోల్టు గట్టిగా పట్టుకోవాలని అందరూ అనుకుంటారు. నిజానికి సరైన సమయంలో అది వదిలేయాలి. పోస్టు వెనక్కి పడిపోతూ బీమ్‌ను తనతో కిందికి లాక్కుపోతే కారుకు మెట్టు వేసినట్టే. అందుకే బీమ్‌కు పొడవాటి గాడి ఉంటుంది, బోల్టు తల ఆ గాడిని చీల్చుకుని బయటికి వస్తుంది, బీమ్ తన ఎత్తులో నిలబడి కారును పట్టుకుని ఉంటుంది. మీరు నోడ్‌లను అతికించి ఈ మొత్తం వ్యవహారాన్ని లేకుండా చేశారు. గాడి చుట్టూ మెష్‌ను (మోడల్‌ను ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా కోసిన వలను) సన్నగా చేసి బోల్టును విడి భాగంగా పెట్టవచ్చు, లేదా పరీక్షలో కొలిచిన బలం దగ్గర తెగే స్ప్రింగ్ పెట్టవచ్చు. నేను రెండో దారికే మొగ్గుతాను. సన్నని మెష్‌లో లోహం చిరిగే స్ట్రెయిన్ విలువ ఎలిమెంట్ సైజును బట్టి మారిపోతుంది, దానితో వారాలు కుస్తీ పట్టవలసి వస్తుంది.

బీమ్, పోస్టుల మధ్య ఉండే బ్లాక్‌ను చాలామంది అలంకారం అనుకుంటారు. చక్రాన్ని పోస్టుకు దూరంగా ఉంచేదీ, పోస్టు ఒరుగుతున్నప్పుడు బీమ్‌ను పైకి ఎత్తి పట్టేదీ అదే. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలోని మిడ్‌వెస్ట్ రోడ్‌సైడ్ సేఫ్టీ ఫెసిలిటీ వారు రూపొందించిన మిడ్‌వెస్ట్ గార్డ్‌రైల్ సిస్టమ్‌లో మార్పులు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఉక్కు మందం పెంచలేదు, అదే 2.67 మి.మీ. బీమ్ ఎత్తును 787 మి.మీ.కు పెంచారు, బ్లాక్‌ను 305 మి.మీ. లోతుకు పెంచారు, బీమ్ ముక్కల అతుకులను పోస్టు దగ్గరి నుంచి రెండు పోస్టుల నడిమికి జరిపారు. అతుకు దగ్గర బోల్టు రంధ్రాల వల్ల బీమ్ బలహీనంగా ఉంటుంది. అక్కడే పోస్టు కూడా ఉంటే వంపూ మెలికా తోడై బీమ్ తెగుతుంది.

మూడవది పొడవు. డబ్ల్యు బీమ్ గట్టి దూలంలా పనిచేస్తుందని పైకి అనిపిస్తుంది. బాగా వంగాక అది నులక మంచం తాడులాంటిది. బరువు మధ్యలో పడితే లాగుడు కొసల దాకా పోతుంది. కొసలు జారకుండా బిగిస్తే తాడు మరీ బిర్రుగా ఉంటుంది, వదిలేస్తే వదులవుతుంది. అసలు పరీక్షల్లో ఇలాంటి బారియర్లను 50 మీటర్లకు పైనే కట్టి, కొసల్లో భూమిలోకి లంగరు వేస్తారు. మీ 20 మీటర్లను కనీసం రెట్టింపు చేసి, కొసల్లో లంగరు గట్టిదనానికి సరిపడే స్ప్రింగులు పెట్టండి. దూరపు పోస్టుల దగ్గర మెష్ ముతకగా ఉన్నా పరవాలేదు.

రన్‌ను 0.3 సెకన్ల దగ్గర ఆపడం గురించి కొంచెం కటువుగానే చెబుతాను. కారు బారియర్‌కు సమాంతరం కావడం కథ మధ్య ఘట్టం. బల్లి తోకలా వెనుక భాగం వచ్చి బారియర్‌ను రెండోసారి కొట్టడం, సస్పెన్షన్‌లో నొక్కుకున్న స్ప్రింగు విడిచి బండి ఒక పక్కకు ఒరగడం, రోడ్డు మీదికి ఎంత కోణంలో వెనక్కి వస్తోందన్నది, అన్నీ ఆ తర్వాతే. పల్టీలు చాలావరకు ఆలస్యంగా మొదలవుతాయి. మాష్ ప్రకారం బండి ఒరుగు 75 డిగ్రీలు దాటకూడదు. దాటుతుందో లేదో తెలియాలంటే ఒక సెకనైనా నడపాలి. కాలం పడుతుందని మీరు అంటారు, నిజమే. ఉక్కులో ధ్వని సెకనుకు సుమారు 5 కి.మీ. పోతుంది కాబట్టి 5 మి.మీ. ఎలిమెంట్‌ను దాటడానికి దానికి ఒక మైక్రోసెకను చాలు, సాఫ్ట్‌వేర్ లెక్కలో అంతకంటే పెద్ద కాలపు అడుగు (టైమ్ స్టెప్) వేయజాలదు. ఒక సెకను సంఘటనకు పది లక్షల అడుగులు. మెష్‌లో ఎక్కడో ఒక మూల 1 మి.మీ. ఎలిమెంట్ మిగిలిపోతే అది ఒక్కటే మొత్తం రన్‌ను ఐదు రెట్లు సాగదీస్తుంది. రన్ మొదలుపెట్టే ముందు అతిచిన్న ఎలిమెంట్లు పది ఎక్కడున్నాయో వెతకండి.

కారు మోడల్ ఎక్కడి నుంచి తెచ్చారో మీరు రాయలేదు. ముందువైపు ఢీకొనడానికి తయారుచేసిన మోడల్ అయితే చక్రాలు తిరగవు, సస్పెన్షన్ బిగుసుకుని ఉంటుంది. గోడకు ఎదురుగా 0.15 సెకన్ల ఢీకి అది సరిపోతుంది. బారియర్ పక్కన ఒక సెకను జారడానికి పనికిరాదు. జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోని నేషనల్ క్రాష్ అనాలిసిస్ సెంటర్ వారు నిజం బండ్లను ముక్కలు ముక్కలుగా విప్పి కొలిచి తయారుచేసిన 2010 టొయోటా యారిస్, 2007 షెవ్రొలే సిల్వరాడో మోడళ్లు ఈ రంగంలో అందరికీ పరిచితం. మొదటిది 1100 కిలోల కారుకు, రెండవది 2270 కిలోల పికప్‌కు ప్రతినిధి. ఢీకొట్టించే ముందు గురుత్వాకర్షణ పెట్టి బండిని తన చక్రాల మీద కుదురుకోనివ్వండి. లేకపోతే బారియర్‌ను చేరేలోగా ఎగిరెగిరి పడుతూ బంపర్ ఎత్తు మారిపోతుంది.

ఒక పక్క మాట. ఎల్‌ఎస్-డైనాకు పూర్వీకురాలైన డైనా3డి 1976లో లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో పుట్టింది, తక్కువ ఎత్తు నుంచి జారవిడిచిన బాంబు నేలను తాకితే ఏమవుతుందో లెక్కించడానికి. ఇంకో సంగతి: హైవేల మధ్య కనిపించే కాంక్రీటు బారియర్లలో ఎఫ్-షేప్ అనే రకానికి ఆ పేరు ఊరికే రాలేదు. 1970లలో కంప్యూటర్‌లో ఏ నుంచి ఎఫ్ వరకు ఆరు ఆకారాలు పెట్టి చూస్తే చివరిది నెగ్గింది. అంతకుముందున్న న్యూజెర్సీ ఆకారంలో కింది వాలు 330 మి.మీ. ఎత్తు దాకా ఉండేది, చిన్న కార్లు దాని మీదికి పాకి పల్టీ కొట్టేవి. ఎఫ్‌లో ఆ వాలును 255 మి.మీ.కు దించారు. ఇప్పుడు మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న శక్తిలో నలుసంత కూడా లేని యంత్రాలతో అంత మంచి ప్రశ్న అడిగారు. ఆ తర్వాత అసలు కార్లతో గుద్ది చూశారు కూడా.

దీనితో మీ రెండో సందేహానికి వచ్చాం. నిజం పరీక్ష ఎందుకు? మీ మోడల్ మీరు చెప్పిన భౌతికశాస్త్రాన్ని మాత్రమే పాటిస్తుంది. బోల్టు చిరగదని మీరు చెబితే చిరగదు. నిజం బారియర్ మీ మాట వినదు. పరీక్ష మోడల్‌కు సాక్ష్యం ఇస్తుంది. ఆ సాక్ష్యం దొరికాక మోడల్ మీకు వంద పరీక్షల పని చేసిపెడుతుంది: ఎత్తు 50 మి.మీ. తగ్గితే, వాలు మీద కడితే, ఒక పోస్టు లేకపోతే ఏమవుతుందన్న ప్రశ్నలన్నింటికీ.

సాక్ష్యాన్ని తూచే పద్ధతి అమెరికాలో ఎన్‌సీహెచ్‌ఆర్‌పీ అనే జాతీయ రహదారి పరిశోధన కార్యక్రమంలో ఖరారైంది, ఐరోపాలో ఈఎన్ 16303 అనే ప్రమాణం ఉంది. ముందు లెక్క తనంతట తాను శుభ్రంగా ఉందా అని చూస్తారు. మొత్తం శక్తి 10 శాతానికి మించి మారకూడదు. అవర్‌గ్లాస్ శక్తి, అంటే ఎలిమెంట్లు లెక్క లోపం వల్ల నకిలీగా వంకర పోవడంలో చేరే శక్తి, మొదటి మొత్తం శక్తిలో 5 శాతం దాటకూడదు. టైమ్ స్టెప్ పెంచడానికి కలిపిన ద్రవ్యరాశి కూడా మోడల్ బరువులో 5 శాతం లోపే ఉండాలి. తర్వాత పరీక్షలో యాక్సెలరోమీటర్ (త్వరణాన్ని కొలిచే పరికరం) ఇచ్చిన వక్రరేఖనూ మీ వక్రరేఖనూ పక్కపక్కన పెట్టి, పరిమాణంలో తేడా, కాలంలో తేడా విడివిడిగా లెక్కిస్తారు. స్ప్రేగ్-గీర్స్ కొలమానంలో ఈ రెండూ 40 శాతం లోపు ఉంటే చాలు. 40 శాతమా అని నోరు తెరవకండి. ఒకేలాంటి రెండు నిజం పరీక్షలు చేసినా వక్రరేఖలు అచ్చు ఒకేలా రావు. నేను మాత్రం ఈ అంకెల కంటే మూడో మెట్టును ఎక్కువ నమ్ముతాను: ఎన్ని పోస్టులు ఒరిగాయి, ఏ చక్రం ఎప్పుడు తగిలింది, బోల్టులు ఏ వరుసలో ఊడాయి. వక్రరేఖ కలిసి, ఈ క్రమం కలవకపోతే, మీ రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పిపుచ్చుకున్నాయన్నమాట.

మనిషికి తగిలే దెబ్బను లెక్కించడానికి బొమ్మ మనిషిని పెట్టనక్కరలేదు. మాష్‌లో ప్రయాణికుణ్ణి కారులో తేలుతున్న బిందువుగా భావించి, ముందుకు 0.6 మీటర్లు, పక్కకు 0.3 మీటర్లు కదిలాక ఎంత వేగంతో తగులుతాడో లెక్కిస్తారు. ఆ వేగం సెకనుకు 12.2 మీటర్లు దాటితే బారియర్ ఓడినట్టే, 9.1 లోపు ఉంటే మంచిది. ఐరోపాలో త్వరణం తీవ్రతను చెప్పే ఏఎస్‌ఐ సూచికను వాడతారు, 1.0 లోపు ఉంటే మేలైన తరగతి. మీరు రెండూ లెక్కించండి, పది నిమిషాల పని.

మన దేశం సంగతి లేకుండా ఇది ముగించలేను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఐఆర్‌సీ 119 బారియర్ మార్గదర్శకాలు 2015 నుంచి ఉన్నాయి, అయినా రోడ్డు మీద నేను చూసేది వేరు. మొదటిది ఎత్తు. రోడ్డు మీద తారు పొర మీద పొర వేస్తారు, బారియర్‌ను మాత్రం ఎవరూ ఎత్తరు. రెండు పొరలు పడేసరికి బీమ్ పది సెంటీమీటర్లు కుంగినట్టే. రెండవది కొసలు. చేప తోకలా విప్పారిన బీమ్ కొస ఎదురు వచ్చే బండి వైపు బల్లెంలా నిలబడి ఉంటుంది. మూడవది బస్సులు. ఐరోపాలో సాధారణ ఎన్2 తరగతి బారియర్‌ను 1500 కిలోల కారుతో పరీక్షిస్తారు, పక్క శక్తి సుమారు 82 కిలోజౌళ్లు. హెచ్2 తరగతికి 13 టన్నుల బస్సు, 287 కిలోజౌళ్లు. మూడున్నర రెట్లు. మామూలు డబ్ల్యు బీమ్ నిండు బస్సును ఆపుతుందని ఆశించడం అత్యాశ. బారియర్ కల్వర్టు గోడను కలిసే చోట, మెత్తటి బీమ్ నుంచి గట్టి కాంక్రీటుకు మెల్లగా మారే అమరిక ఉండాలి, లేకపోతే బండి జారుతూ వచ్చి గోడ అంచుకు ఎదురుగా తగులుతుంది. 2013 అక్టోబరు 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును ఢీకొని కాలిపోయిన బస్సులో 45 మంది పోయారు. కల్వర్టు గోడ ఎంత కర్కశమైనదో తెలుగువారికి ఇంకెవరూ చెప్పనక్కరలేదు.

ఇక ద్విచక్ర వాహనాలు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు, వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. మాష్‌లో మోటారు సైకిలు పరీక్షే లేదు. జారి వచ్చే మనిషికి పోస్టు కత్తి లాంటిది. కొన్ని ఐరోపా దేశాల్లో బీమ్ కింద ఇంకో పలక బిగించి పోస్టులను కప్పేస్తారు. మీ థీసిస్‌కు కొత్త విషయం కావాలంటే ఇక్కడుంది. పోస్టు మందం మీద ఇప్పటికే వందల పత్రాలు ఉన్నాయి.

పరీక్షకు అమెరికా పోవాలన్న బెంగ అక్కరలేదు. ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో వాహన పరీక్షా కేంద్రం నాట్రాక్స్ ఉంది. 2023 మార్చిలో మహారాష్ట్రలోని వణి-వరోరా రహదారి మీద 200 మీటర్ల మేర వెదురు బారియర్ పెట్టారే, దాన్ని అక్కడే పరీక్షించారు. దాని పేరు బాహు బల్లి అని విని నవ్వుకున్నాను గాని, సరిగ్గా శుద్ధి చేసిన వెదురు మీద నాకు చులకన భావం లేదు.

ఇక మీరు చేయవలసిన మొదటి రన్ చెబుతాను. కారు వద్దు. ఒక్క పోస్టు, దాని చుట్టూ మట్టి, ఎదురుగా ఒక దృఢమైన బరువు. మీరు లాగి కొలిచిన వక్రరేఖ దగ్గరికి అది వచ్చేవరకు మట్టి విలువలు సర్దండి. వచ్చాక ఆ రెండు వక్రరేఖలనూ, అవర్‌గ్లాస్ శక్తి గ్రాఫ్‌నూ ఇక్కడ పెట్టండి. బోల్టు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.